ఇంట్లో పస్కా సెడర్ పెట్టుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయన వాళ్ళది తూర్పు యూరప్ నుంచి న్యూజెర్సీకి వచ్చి స్థిరపడిన యూదు కుటుంబం. మాది తెనాలి. పెళ్ళయిన కొత్తలో నాలుగేళ్ళు అత్తగారింట్లో సెడర్‌కి హాయిగా కూర్చుని తినొచ్చాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు వచ్చాక సెడర్ పళ్ళెం, వెండి గ్లాసులు, వైన్ మరకలు పడ్డ పుస్తకాలు మూడు అట్టపెట్టెల్లో సర్ది మా ఇంటికి పంపేశారు. వాటితోపాటు పండగా వచ్చేసింది. ఇప్పుడు ఏటా ఇరవై మంది దాకా వస్తారు. సగం ఆయన వైపు వాళ్ళు, సగం మన తెలుగు స్నేహితులు. పిలిచిన రోజు నుంచే ఫోన్లో ప్రశ్నలు మొదలు. భోజనానికి వచ్చేవాళ్ళవి కొన్ని, యూదు ఇళ్ళకి కోడళ్ళూ అల్లుళ్ళూ అయి ఈ పని కొత్తగా నెత్తికెత్తుకున్న మనవాళ్ళవి కొన్ని. అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఆచారం ఇంటింటికీ మారుతుంది. ఇక్కడ చెప్పేది మా ఇంటి పద్ధతి: అష్కెనాజీ పద్ధతి, అంటే మధ్య, తూర్పు యూరప్ యూదులది, అందులోనూ మరీ మడి కట్టుకోని కన్సర్వేటివ్ శాఖ వాళ్ళది.

అసలు సెడర్ అంటే ఏమిటి?

హీబ్రూలో ఆ మాటకి ‘క్రమం’ అని అర్థం. ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు మోషే వెంట బయటపడ్డ కథని, తెలుగు బైబిల్లో నిర్గమకాండమని పేరున్న కథని, పస్కా మొదటి రాత్రి ఇంట్లో టేబుల్ చుట్టూ కూర్చుని చెప్పుకుంటూ తినే భోజనం ఇది. పస్కాని హీబ్రూలో పెసాఖ్ అంటారు, అమెరికాలో పాసోవర్. సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనామందిరంలో, జరిగేది కాదు, పురోహితుడు అక్కర్లేదు. ఇంటివాళ్ళే నడిపిస్తారు. మా అమ్మ మొదటిసారి చూసి, “సత్యనారాయణ వ్రతం లాంటిదే, కథ అయ్యేదాకా ప్రసాదం పెట్టరు” అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఒకటే తేడా, ఇక్కడ కథ ఒకరు చదివితే మిగతావాళ్ళు వినడం కాదు. అందరూ అడ్డం పడి ప్రశ్నలు అడగాలి. అడగకపోతే పండగ జరగనట్టే.

ఏ రోజు వస్తుంది? ఏటా తేదీ మారుతుందేం?

హీబ్రూ పంచాంగంలో నీసాన్ నెల 15వ తేదీ, అంటే పౌర్ణమి. వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి ముందురోజు సాయంత్రం చీకటి పడ్డాక సెడర్. 2024లో ఏప్రిల్ 22 రాత్రి, 2025లో ఏప్రిల్ 12 రాత్రి, 2026లో ఏప్రిల్ 1 రాత్రి. ఆ తేదీలు మన చైత్ర పౌర్ణమికి అటూ ఇటూగా ఉండటం గమనించారా? వాళ్ళదీ మనలాగే చంద్రుణ్ణి బట్టి నెలలు, సూర్యుణ్ణి బట్టి సంవత్సరం సరిచేసుకునే లెక్క. మనకి అధిక మాసం ఉన్నట్టే వాళ్ళకి 19 ఏళ్ళలో ఏడుసార్లు అదనపు నెల వస్తుంది. రెండు లెక్కలూ ఒక్కోసారి కలవవు, అప్పుడు నెల తేడా వస్తుంది. చాలా ఏళ్ళు మాత్రం ఉగాది పచ్చడి తిన్న రెండు వారాలకి సెడర్ అని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇజ్రాయెల్‌లో పండగ ఏడు రోజులు, సెడర్ ఒక్క రాత్రే. బయటి దేశాల్లో సంప్రదాయం ప్రకారం ఎనిమిది రోజులు, మొదటి రెండు రాత్రులూ సెడర్. మేం మొదటి రాత్రి మా ఇంట్లో పెట్టి, రెండో రాత్రి ఆడపడుచు ఇంటికి వెళ్ళి గిన్నెలు కడగకుండా తిని వస్తాం.

యూదులు కానివాళ్ళు రావచ్చా?

రావచ్చు. కథ మొదలుపెట్టేముందు మాట్సా అనే పొంగని రొట్టె ఎత్తి చూపించి అరమాయిక్ భాషలో ఒక పిలుపు చదువుతారు: ఆకలితో ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి తినండి అని. నిర్గమకాండంలో పరాయివాళ్ళు తినకూడదని ఉందిగా అని బైబిల్ బాగా చదివిన స్నేహితుడొకాయన అడిగాడు. అది పస్కా బలి మాంసానికి చెప్పిన మాట. యెరూషలేము ఆలయం 70వ సంవత్సరంలో కూలినప్పుడే ఆ బలి ఆగిపోయింది. 2009 నుంచి ఒబామా వైట్‌హౌస్‌లో ఏటా పెట్టుకున్న సెడర్‌లో కూడా యూదులు కానివాళ్ళు బోలెడుమంది కూర్చున్నారు.

వచ్చేటప్పుడు ఏం తీసుకురావాలి?

ఇంట్లో వండినది ఏదీ వద్దు. దయచేసి వద్దు. ఒక ఏడాది స్నేహితురాలొకావిడ ఎంతో ప్రేమగా డబ్బా నిండా బంగాళాదుంప వేపుడు చేసుకొచ్చింది. “బంగాళాదుంప తినొచ్చన్నావుగా” అంది. దుంప తినొచ్చు, అందులో ఇంగువ ఉంది. మనం కొనే డబ్బా ఇంగువ అసలు ఇంగువ కాదు, గోధుమ పిండో మైదానో కలిపిన పొడి. ఈ ఎనిమిది రోజులూ గోధుమ పిండి ఇంట్లో ఉండకూడదు. ఆ డబ్బాని మూత తియ్యకుండా పక్కింటివాళ్ళకి ఇచ్చాం. ఆవిడ మొహం చిన్నబోయింది, నాకు రాత్రంతా మనసు బాగాలేదు.

పువ్వులు తెండి. పళ్ళు తెండి. కొన్నదైతే ‘కోషర్ ఫర్ పాసోవర్’ (యూదుల ఆహార నియమాల ప్రకారం పస్కాకి పనికొచ్చేది) అని ముద్ర ఉందో లేదో చూసి సీలు తియ్యకుండా తెండి. ఊరికే కోషర్ అని ఉంటే చాలదు. మామూలు కోషర్ బిస్కెట్టు కూడా పస్కాకి పనికిరాదు. అమెరికాలో ఈ రోజుల్లో పసుపు మూతల కోకాకోలా కనిపిస్తుంది, అది మొక్కజొన్న సిరప్ బదులు పంచదార వేసి పస్కా కోసం చేసింది. పిల్లలున్న ఇంటికి అదీ మంచి కానుకే.

ఇల్లు ఎంతవరకు శుభ్రం చెయ్యాలి?

సంక్రాంతికి ముందు బూజులు దులిపినట్టు కాదు. ఇక్కడ శత్రువు దుమ్ము కాదు, ఖమేట్స్. గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్ అనే ఐదు ధాన్యాల్లో ఏదైనా నీళ్ళు తగిలి పులిస్తే ఖమేట్స్ అవుతుంది. బ్రెడ్డు, బిస్కెట్లు, నూడుల్స్, బీరు, సేమ్యా, రవ్వ, అన్నీ ఇందులోకే వస్తాయి. తినకూడదనే కాదు, ఆ ఎనిమిది రోజులూ అవి మన సొత్తుగా ఉండకూడదు.

నేను మూడు వారాల ముందు ఫ్రీజర్‌తో మొదలుపెడతాను. కారు సీట్ల కింద పిల్లలు రాల్చిన బిస్కెట్ పొడి ఉంటుంది, మరవకండి. స్కూలు బ్యాగుల అడుగున ఉంటుంది. వంటింటి అరల్లో ఏం ఉందో ఈ పండగ పుణ్యాన ఏడాదికోసారి తెలుస్తుంది. పస్కాకి విడిగా గిన్నెలూ ప్లేట్లూ ఉంటాయి, అవి ఆ మూడు అట్టపెట్టెల్లోనే మిగతా ఏడాదంతా గ్యారేజీలో పడుకుంటాయి.

పారెయ్యడానికి మనసొప్పని సరుకుని, అంటే ఇరవై పౌన్ల గోధుమపిండి బస్తా లాంటిదాన్ని, ఒక అరలో పెట్టి తాళం వేసి, రబ్బీ (యూదు మతగురువు) ద్వారా యూదుడు కాని మనిషికి అమ్మేస్తారు. ఉత్తుత్తి అమ్మకం కాదు, కాగితం మీద సంతకాలతో జరిగే బేరం. పండగయ్యాక మళ్ళీ కొనుక్కుంటారు. ఇజ్రాయెల్ ప్రభుత్వానికున్న ఖమేట్స్ మొత్తాన్ని కూడా అక్కడి ప్రధాన రబ్బీలు ఒక అరబ్బు పౌరుడికి ఇలాగే అమ్ముతారు.

సెడర్‌కి ముందురోజు రాత్రి జరిగేది పిల్లలకి ప్రాణం. ఇంట్లో పది చోట్ల చిన్న బ్రెడ్డు ముక్కలు దాచి, దీపాలార్పి, కొవ్వొత్తి వెలుగులో వెతికి, ఈకతో చెక్క గరిటెలోకి ఊడుస్తారు. పొద్దున్నే వాటిని కాల్చేస్తారు. దాచేటప్పుడు ఎక్కడెక్కడ పెట్టారో చీటీ రాసుకోండి. మేం ఒక ఏడాది తొమ్మిదే దొరికి, పదోదాని కోసం అర్ధరాత్రి దాకా సోఫాలు లేపాం.

చపాతీలో ఈస్టు వెయ్యం కదా, అది మాట్సాయే కదా?

తెలుగు అతిథి ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది. నేనూ అడిగాను. చూడ్డానికి రెండూ ఒకటే: పిండి, నీళ్ళు, మంట. కానీ వాళ్ళ లెక్కలో ఈస్టు వేశామా లేదా అన్నది కాదు, పిండికి నీళ్ళు తగిలాక ఎంతసేపు ఊరికే ఉందన్నది. నీళ్ళు పోసిన క్షణం నుంచి కాలడం దాకా 18 నిమిషాలు దాటకూడదు. దాటితే గాలిలో ఉన్నదే పని మొదలుపెట్టి పులియబెడుతుందని లెక్క. మనం చపాతీ పిండి కలిపి తడిగుడ్డ కప్పి అరగంట నాననిస్తాం. మెత్తటి చపాతీ రహస్యమే అది. పస్కాకి అదే తప్పు. పైగా బజార్లో దొరికే గోధుమపిండి మర పట్టేముందు గోధుమలకి తడి తగిలించి ఉండొచ్చు, అంచేత మాట్సాకి వాడే పిండినీ నీళ్ళనీ మొదట్నుంచీ కనిపెట్టి చూస్తారు. కోత కోసినప్పటి నుంచే కాపలా కాసిన గోధుమలతో చేసినదాన్ని ష్మురా మాట్సా అంటారు. చేత్తో చేస్తే గుండ్రంగా, అక్కడక్కడా మాడి, అచ్చం పుల్కాని ఎండలో పెట్టినట్టు ఉంటుంది. ఖరీదు ఎక్కువ. సెడర్ పళ్ళెం దగ్గర పెట్టే మూడింటి వరకు అది కొని, మిగతా వాటికి పెట్టెల్లో వచ్చే నలుచదరపు మాట్సా వాడతాం.

రుచి గురించి అబద్ధం చెప్పను. అట్టముక్క కాస్త కరకరలాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. బానిసలు పిండి పులిసేదాకా ఆగకుండా పరుగెత్తారని గుర్తు చేసేది కదా, రుచిగా ఉండాలని ఎవరూ అనుకోలేదు.

అన్నం? పప్పు?

నా పెళ్ళిలో మొదటి పెద్ద గొడవ దీనిమీదే. అన్నం, పప్పులు, చిక్కుడు, బఠాణీ, మొక్కజొన్న, నువ్వులు, ఆవాలు, వీటిని కిట్నియోత్ అంటారు. ఇవి ఖమేట్స్ కావు. అయినా తూర్పు యూరప్ యూదులు కొన్ని వందల ఏళ్ళుగా పస్కాలో వీటిని ముట్టరు. గోధుమ గింజ కలిసిపోతుందేమోనన్న భయమని ఒక కారణం చెప్తారు. సెఫార్దీలు (స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదులు), ఇరాక్, యెమెన్ వైపు యూదులు చాలామంది బియ్యం తింటారు, కాకపోతే ఒక్కో గింజా చూసి ఏరతారు.

అమెరికాలో కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర సంఘం 2015 డిసెంబరులో అష్కెనాజీలు కూడా కిట్నియోత్ తినొచ్చని చెప్పింది. ఆ వార్త చదివిన రోజు నేను కందిపప్పు కడిగినంత పని చేశాను. అత్తగారు కళ్ళజోడు తీసి, “మా అమ్మ తినలేదు, మా అమ్మమ్మ తినలేదు, సంఘం వాళ్ళని తినమను” అన్నారు. అంతే. సెడర్ రాత్రి మా టేబుల్ మీద అన్నం, పప్పు ఉండవు. మిగతా రోజుల్లో మా ఇద్దరి మధ్య ఒప్పందం ఏమిటంటే, ఆవిడ అడగరు, నేను చెప్పను.

మీరు పిలిచేవాళ్ళు ఏ పద్ధతి వాళ్ళో ముందే అడగండి. అనుమానంగా ఉంటే కిట్నియోత్ లేకుండానే వండండి, అందరూ తినగలుగుతారు. తాలింపులో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు మూడూ పోతాయని గుర్తుంచుకోండి. మిగిలేవి ఎండుమిర్చి, కరివేపాకు, అల్లం, వెల్లుల్లి. చింతపండు, కొబ్బరి, జీడిపప్పు వాడొచ్చు. వేరుశనగ దగ్గర అభిప్రాయభేదాలున్నాయి, జోలికి పోకండి.

సెడర్ పళ్ళెంలో ఏమేం పెట్టాలి?

కాల్చిన ఎముక ఒకటి, పాత రోజుల పస్కా గొర్రెపిల్లకి గుర్తు. మాంసం కొట్టువాణ్ణి అడిగితే గొర్రె కాలి ఎముక ఇస్తాడు, లేకపోతే కోడి మెడ చాలు. దీన్ని తినరు. శాకాహారులైతే బీట్‌రూట్ పెట్టుకోవచ్చు. ఇది ఈ కాలపు సోకు కాదు, బీట్‌రూట్ మాట తాల్ముడ్ అనే పాత యూదు ధర్మగ్రంథంలోనే ఉంది.

పెంకు నల్లబడేలా కాల్చిన ఉడకబెట్టిన గుడ్డు. ఇది ఆలయంలో పండగ బలికి గుర్తు. స్టవ్ మంట మీద పట్టకారతో తిప్పండి, ముందు ఉడికించడం మరిస్తే పేలుతుంది, నాకు పేలింది.

కర్పస్, అంటే ఏదో ఒక పచ్చటి కూర. మేం పార్స్‌లీ పెడతాం. మంచు దేశాల్లో వసంతానికి ఆకుకూర దొరక్క ఉడికించిన బంగాళాదుంప పెట్టినవాళ్ళూ ఉన్నారు. దీన్ని కన్నీళ్ళకి గుర్తుగా ఉప్పునీళ్ళలో ముంచి తింటారు.

మరోర్, చేదు. బానిసత్వపు చేదు. తాల్ముడ్ లెక్కలో మొదటి స్థానం లెట్యూస్‌ది, కాడ దగ్గరకొచ్చేసరికి చేదెక్కుతుంది. తూర్పు యూరప్ వాళ్ళు హార్స్‌రాడిష్ అనే దుంప తురిమి పెడతారు. మునగచెట్టుని ఇంగ్లీషువాళ్ళు హార్స్‌రాడిష్ చెట్టు అంటారు కదా, మునగ వేరు సరిపోతుందా అని ఒకాయన అడిగాడు. వేరు ఘాటు అలాగే ఉంటుందని ఆ పేరు పెట్టారు, చెట్టు మాత్రం వేరే, వాడకండి. ఆ దుంపని తురిమేటప్పుడు కిటికీలు తియ్యండి. ఉల్లిపాయ దాని ముందు పసిపిల్ల. ఆవకాయ తిన్న నాలుకలం అని చెంచాడు నోట్లో వేసుకున్న మా తమ్ముడు రెండు నిమిషాలు మాట్లాడలేదు. కారం నాలుక మీద ఉంటుంది, ఇది ముక్కులోంచి మెదడుకెక్కుతుంది.

చాలా పళ్ళేల్లో ఖజెరెత్ అని రెండో చేదుకి గుంట ఉంటుంది, అందులో లెట్యూస్ పెట్టండి. చివరిది ఖరోసెత్.

కొన్ని ఇళ్ళలో నారింజ కూడా కనిపిస్తుంది. 1980ల్లో సుసానా హెషెల్ అనే యూదు పండితురాలు మొదలుపెట్టిన ఆచారం. స్వలింగ సంపర్కులతో సహా సమాజం పక్కకి నెట్టినవాళ్ళకి ఈ టేబుల్ దగ్గర చోటుందని చెప్పడానికి. మేమూ పెడతాం.

పళ్ళెం పక్కన మూడు మాట్సాలు గుడ్డ కప్పి ఉంచాలి. ఉప్పునీళ్ళ గిన్నెలు మనిషికి చేరువగా నాలుగైదు చోట్ల పెట్టండి. ఒక్కటే పెడితే అది టేబుల్ చుట్టూ తిరిగి వచ్చేసరికి చల్లటి సూప్ తాగాలి.

ఖరోసెత్ ఎలా చెయ్యాలి?

ఇటుకలు పేర్చిన బంకమట్టికి గుర్తు ఇది, కానీ పళ్ళెం మొత్తంలో రుచిగా ఉండేదీ ఇదే. ఇరవై మందికి: తొక్క తీసిన ఆపిల్స్ ఎనిమిది, అక్రోట్లు రెండు కప్పులు, దాల్చినచెక్క పొడి రెండు చెంచాలు, తేనె రెండు మూడు చెంచాలు, తియ్యటి ఎర్ర వైన్ అరకప్పు. ఆపిల్, అక్రోట్ సన్నగా తరగండి. మిక్సీలో వేస్తే పచ్చడైపోతుంది, మట్టిలా ఉండాలి గానీ బురదలా కాదు. మధ్యాహ్నమే చేసి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి ఊరుతుంది. ఇరాక్ యూదుల పద్ధతి ఇంకా సులువు, ఖర్జూరపు పాకం మీద దంచిన అక్రోట్లు చల్లడమే. చిన్నపిల్లలుంటే వైన్ బదులు ద్రాక్షరసం.

మరోర్‌ని దీనిలో ముంచి తింటారు. చేదూ తీపీ ఒకే ముద్దలో. వేపపువ్వూ బెల్లం కలిపి తిన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. అయితే ఇక్కడ తీపిని కాస్త దులిపేసి చేదు పైకి తెలిసేలా తినాలి.

వైన్ ఎంత, మాట్సా ఎంత కొనాలి?

మనిషికి నాలుగు గ్లాసులు తప్పనిసరి. నిర్గమకాండం ఆరో అధ్యాయంలో దేవుడిచ్చిన నాలుగు మాటలకి, వెలుపలికి రప్పిస్తాను, విడిపిస్తాను, విమోచిస్తాను, నా జనంగా చేసుకుంటాను అన్నవాటికి ఒక్కో గ్లాసు అంటారు. భయపడకండి, గ్లాసు చిన్నదే, సుమారు 90 మిల్లీలీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలో ఎనిమిది గ్లాసులు వస్తాయి. ఇరవై మందికి ఎనభై గ్లాసులు, అంటే పది సీసాలు. మా ఇంట్లో ఆరు సీసాలు వైన్, నాలుగు ద్రాక్షరసం. ద్రాక్షరసంతో చేసినా సెడర్ సెడరే, తాగనివాళ్ళు మొహమాటపడక్కర్లేదు. కారు నడపాల్సినవాళ్ళకి ముందే వేరే జగ్గు చూపించండి.

నిష్ఠగా ఉండే ఇంటికి వైన్ కొనుక్కెళ్తుంటే సీసా మీద ‘మెవుషాల్’ అని ఉందేమో చూడండి. అది ఒకసారి వేడి చేసిన వైన్, ఎవరు పోసినా అభ్యంతరం ఉండదు.

మాట్సా అమెరికాలో ఒక్కో పౌను పెట్టెలు ఐదు కలిపి కట్టగా అమ్ముతారు. ఇరవై మందికి ఒక కట్ట సరిపోయి మిగులుతుంది. మిగిలినదాని సంగతి చివర్లో చెప్తాను.

వరస ఏమిటి? పదిహేను అంచెలు గుర్తుండవు.

గుర్తుండక్కర్లేదు, పుస్తకంలో ఉంటాయి, పాటలా పాడతారు కూడా. టూకీగా: వైన్ మీద ఆశీర్వచనం, మొదటి గ్లాసు. చేతులు కడగడం. మాకు చెంబు లాంటి రెండు చెవుల పాత్ర ఉంది, పిల్లలు ఒకరు నీళ్ళు పోస్తే ఒకరు తువ్వాలు పట్టుకుంటారు. ఉప్పునీళ్ళలో ముంచిన కర్పస్. మూడు మాట్సాల్లో మధ్యది విరిచి పెద్ద ముక్క దాచడం. తర్వాత కథ, రెండో గ్లాసు. మళ్ళీ చేతులు. మాట్సా తినడం. మరోర్ తినడం. రెండూ కలిపి తినడం, దీన్ని హిల్లెల్ అనే గురువు పేరుతో చెప్తారు. అప్పుడు భోజనం. దాచిన ముక్క వెతికి తినడం. భోజనానంతర ప్రార్థన, మూడో గ్లాసు. స్తుతి కీర్తనలు, నాలుగో గ్లాసు. ‘వచ్చే ఏడాది యెరూషలేములో’ అంటూ ముగింపు.

వైన్ తాగేటప్పుడూ మాట్సా తినేటప్పుడూ ఎడమ వైపుకి ఒరగాలి. రోమన్ల కాలంలో స్వతంత్రులు అలా ఒరిగి విందు చేసేవాళ్ళు, బానిసలకి ఆ భాగ్యం లేదు. ఇంట్లో ఉన్న దిళ్ళన్నీ కుర్చీల మీదికి చేర్చండి.

కథ భాగాన్ని ఎలా నడపాలి? పిల్లలు విసుక్కుంటారేమో.

ఇంటివాళ్ళు అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. వంట కొంచెం అటూ ఇటూ అయినా ఎవరూ గుర్తుంచుకోరు.

ఈ రాత్రి చేసే వింత పనుల్లో చాలా వాటికి పాత పండితులు చెప్పిన కారణం ఒకటే, పిల్లలు చూసి ‘ఎందుకు?’ అని అడగాలని. భోజనానికి ముందు ఆకు ఎందుకు ముంచుతున్నారు? రొట్టె విరిచి తినకుండా ఎందుకు దాచారు? అందుకే చిన్నవాళ్ళలో చిన్నవాళ్ళు లేచి నాలుగు ప్రశ్నలు పాడతారు. మా పాప హీబ్రూలో పాడాక, మా అమ్మ ఫోన్లో వింటుందని తెలుగులో కూడా చెప్తుంది. నేను చేసుకున్న తెలుగు ఇదీ:

“మిగతా రాత్రులకీ ఈ రాత్రికీ ఏమిటి తేడా? మిగతా రాత్రులు పొంగిన రొట్టె, పొంగని రొట్టె ఏదైనా తింటాం, ఈ రాత్రి పొంగనిదే ఎందుకు? మిగతా రాత్రులు ఏ ఆకైనా తింటాం, ఈ రాత్రి చేదు ఎందుకు? మిగతా రాత్రులు ఒక్కసారైనా ముంచుకు తినం, ఈ రాత్రి రెండుసార్లు ఎందుకు? మిగతా రాత్రులు నిటారుగానో ఒరిగో తింటాం, ఈ రాత్రి అందరం ఒరిగే ఎందుకు?”

పిల్లలు లేని ఇల్లయితే? భార్య అడగాలి. ఒంటరివాడైతే తనని తానే అడుక్కోవాలి. పండగ ధర్మాలన్నీ తెలిసిన ఇద్దరు పండితులున్నా ఒకరినొకరు అడగాల్సిందే. ఇది నా మాట కాదు, తాల్ముడ్‌ది. నాకు ఈ పండగ మీద మనసు పడింది ఆ వాక్యం దగ్గరే. పెద్దల దగ్గర ఎదురు ప్రశ్న వేస్తే నెత్తిన మొట్టికాయ పడే ఇంట్లో పెరిగాను నేను.

కథలో నలుగురు పిల్లలు వస్తారు: తెలివైనవాడు, పెడసరంవాడు, అమాయకుడు, అడగడమే తెలియనివాడు. నాలుగోవాడి దగ్గర పుస్తకం ఏం చెప్తుందంటే, వాడి కోసం మీరే మొదలుపెట్టండి అని. కొత్తగా వచ్చిన అతిథి ఎప్పుడూ ఆ నాలుగోవాడే. పక్కన కూర్చున్నవాళ్ళు అదీ ఇదీ చూపించి మాట కలపాలి. అందుకే నేను తెలుగువాళ్ళందరినీ ఒక వైపు, యూదు చుట్టాలందరినీ ఒక వైపు కూర్చోనివ్వను.

పది తెగుళ్ళు చదివేటప్పుడు ఒక్కోదానికి గ్లాసులోంచి వేలితో ఒక్కో చుక్క ప్లేటులో వేస్తారు. రక్తం, కప్పలు, పేలు, ఈగలు, పశువుల చావు, పుండ్లు, వడగళ్ళు, మిడతలు, చీకటి, తొలిచూలు పిల్లల చావు. శత్రువైనా చచ్చిన చోట మన గ్లాసు నిండుగా ఉండకూడదని మా మామగారు చెప్పేవారు. ‘దయేను’ (మాకు అదే చాలు) అనే పాట వచ్చినప్పుడు ఇరాన్, అఫ్ఘానిస్తాన్ యూదులు ఉల్లికాడలతో ఒకరినొకరు కొట్టుకుంటారు. మేం ఆ ఆచారం అరువు తెచ్చుకున్నాం. అరువు తెచ్చుకున్నాక మా ఇంట్లో విసుక్కున్న పిల్లాడు లేడు.

టైము లేక కుదించాల్సి వస్తే, గమలియేలు అనే గురువు మాట పట్టుకోండి: పస్కా బలి, మాట్సా, మరోర్, ఈ మూడింటి గురించీ చెప్పనిదే సెడర్ చెల్లదు.

హగ్గాదా ఏది వాడాలి?

హగ్గాదా అంటే ఈ రాత్రి చదివే పుస్తకం. వేల ముద్రణలున్నాయి. అమెరికాలో ఒక కాఫీ కంపెనీ, మాక్స్‌వెల్ హౌస్, 1932 నుంచి కాఫీ డబ్బాతోపాటు ఉచితంగా ఇస్తూ వచ్చింది. అత్తగారి పెట్టెలో వచ్చినవి అవే. ఏది వాడినా అందరి దగ్గరా ఒకటే ఉండాలి, లేకపోతే ‘ఏ పేజీ?’ అన్న ఐదో ప్రశ్నతోనే రాత్రి గడుస్తుంది.

సొంతంగా చేసుకున్నా తప్పులేదు. 1969 ఏప్రిల్ 4న, మార్టిన్ లూథర్ కింగ్ చనిపోయిన ఏడాదికి, వాషింగ్టన్‌లో ఒక నల్లవారి చర్చిలో ‘ఫ్రీడమ్ సెడర్’ అని కొత్త పాఠంతో జరిపారు. మన దేశంలో, మహారాష్ట్ర వైపు ఉండే బెనె ఇజ్రాయెల్ యూదుల కోసం 1874లో పుణేలో మరాఠీ అనువాదంతో హగ్గాదా అచ్చయింది.

భోజనం ఎన్నింటికి? ఆకలేస్తుంది!

చీకటి పడ్డాక మొదలు కాబట్టి అన్నం వేళకి... అదే, భోజనం వేళకి తొమ్మిదిన్నర అవుతుంది. పిల్లలకి ఇంటి దగ్గరే సాయంత్రం ఏదో పెట్టి తీసుకురండి. ఇంటివాళ్ళకి నా చిట్కా, కర్పస్ అనగానే ఒక్క పార్స్‌లీ రెమ్మతో ఆపకుండా క్యారెట్, సెలరీ, ఉడికించిన దుంపలు పళ్ళేలతో దించెయ్యండి. కథ సాగినంతసేపూ జనం నములుతూ ఉంటారు, ఎవరికీ కోపం రాదు.

భోజనంలో ముందు ఉడికించిన గుడ్డు ఉప్పునీళ్ళతో, తర్వాత చికెన్ సూప్‌లో మాట్సా పొడితో చేసిన ఉండలు, గెఫిల్టె ఫిష్ అనే చేప ముద్దలు, ఓవెన్లో గంటలకొద్దీ మగ్గిన బ్రిస్కెట్ అనే బీఫ్ ముక్క, కూగెల్ అనే ఓవెన్లో కాల్చిన బంగాళాదుంప వంటకం, చివర్లో కొబ్బరి మాకరూన్లు. గెఫిల్టె ఫిష్ మొదటిసారే నచ్చిన తెలుగువాణ్ణి నేను చూడలేదు. శాకాహారులకి వేరే కుండలో కూరగాయల సూప్, గుత్తివంకాయ (జీడిపప్పు, కొబ్బరి మసాలాతో), దుంప వేపుడు చేస్తాను. బీఫ్ తినని అతిథులుంటే బ్రిస్కెట్ గిన్నెని దూరంగా పెట్టి, ఏది ఏమిటో చీటీలు అంటిస్తాను.

పెరుగు అడక్కండి. మాంసం ఉన్న టేబుల్ మీద పాలు, పెరుగు, నెయ్యి రావు. అన్నమూ లేదు, పెరుగూ లేదు, ఇంక లేవడం ఎలా అని మా పెదనాన్నగారు నిజంగానే దిగులు పడ్డారు.

దాచిన ముక్క సంగతి?

దాన్ని అఫికోమన్ అంటారు. అర్ధరాత్రి లోపు అందరూ తలా కాస్త తినాలి, తిన్నాక వేరే ఏదీ తినకూడదు. మా ఇంట్లో పెద్దలు దాస్తారు, పిల్లలు వెతుకుతారు, దొరికాక బేరం ఆడతారు. ఆ ముక్క లేకుండా సెడర్ ముందుకు పోదని వాళ్ళకి బాగా తెలుసు. మొదట్లో ఒక డాలరుకి తెగేది, ఇప్పుడు పదైంది. పిల్లలందరికీ ఒకే ధర ఇవ్వండి, దొరికినవాడికే ఇస్తే ఏడుపులు.

తలుపు ఎందుకు తెరుస్తారు?

మూడో గ్లాసు తర్వాత ప్రవక్త ఏలీయా కోసం. ఆయనకి టేబుల్ మీద నిండు గ్లాసు విడిగా ఉంటుంది. పిల్లలు దాని అంచు వైపు కళ్ళార్పకుండా చూస్తారు, తగ్గిందా లేదా అని. టేబుల్‌ని మోకాలితో మెల్లిగా కదిపే బాధ్యత మా ఇంట్లో మా తమ్ముడిది.

ఫోటోలు తీసుకోవచ్చా?

మా ఇంట్లో తీసుకోవచ్చు. పండగ రాత్రి కరెంటు పరికరాలు ముట్టని ఇళ్ళు చాలా ఉన్నాయి, అక్కడ ఫోను జేబులోంచి తియ్యకండి. అడిగి తెలుసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

మా చర్చిలో పస్కా విందు చేద్దామనుకుంటున్నాం. సెడర్ పెట్టొచ్చా?

తెలుగు క్రైస్తవ స్నేహితులు ఏటా అడుగుతారు. యేసు చివరి రాత్రి భోజనం పస్కా భోజనమని మత్తయి, మార్కు, లూకా సువార్తల్లో ఉంది కాబట్టి ఆసక్తి సహజం. కానీ ఈ పదిహేను అంచెల సెడర్ ఆలయం కూలాక రూపుదిద్దుకున్నది, యేసు కాలం నాటిది కాదు. యూరప్‌లో కొన్ని వందల ఏళ్ళు సరిగ్గా ఈ రోజుల్లోనే యూదుల మీద అబద్ధపు నిందలు వేసి దాడులు చేశారు. ఆ జ్ఞాపకం ఉన్నవాళ్ళకి తమ సెడర్‌ని వేరే అర్థంతో వేరేవాళ్ళు నడపడం చివుక్కుమనిపిస్తుంది. నా సలహా, చర్చిలో పెట్టకండి. తెలిసిన యూదు ఇంటికి అతిథిగా వెళ్ళండి, మా ఇంటికే రండి.

తెలుగు యూదులు ఉన్నారా?

ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే సమాజం ఉంది, వాళ్ళకో సినగాగ్ ఉంది, పస్కా చేసుకుంటారు. మా తెనాలికి దగ్గరే. నాకు ఆ సంగతి న్యూజెర్సీలో, మా సినగాగ్‌లో ఒక పెద్దాయన చెప్తే తెలిసింది. “మీ ఊరి పక్కనేనటగా” అన్నాడు, నేను తెల్లమొహం వేశాను.

మిగిలిన మాట్సా ఏం చెయ్యాలి?

అత్తగారు తడిపి గుడ్లలో వేయిస్తారు, దాన్ని మాట్సా బ్రై అంటారు. నేను ఉప్మా చేస్తాను. నాలుగు పలకలు చిన్న ముక్కలుగా విరిచి, జల్లెడలో వేసి మీద వేడినీళ్ళు పోసి వెంటనే వార్చెయ్యండి. నానబెడితే జావ అవుతుంది. ఆలివ్ నూనెలో జీడిపప్పు, ఎండుమిర్చి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయ వేయించి, మాట్సా వేసి రెండు నిమిషాలు కలిపి, దించాక నిమ్మకాయ పిండండి. ఆవాలు లేని లోటు మొదటి ముద్దకి తెలుస్తుంది, రెండో ముద్దకి పోతుంది. మూడో రోజు పొద్దున అత్తగారు ఫోన్ చేసి, “ఆ పచ్చిమిరపకాయల మాట్సా చేశావా?” అని అడుగుతారు. చేశానంటే మామగారి పాత కారు వేసుకుని పావుగంటలో వస్తారు.